తంతివార్త మొదలు చేతిఫోను వరకు: భారతదేశమున గోప్యతాహక్కు

ఒకడు తన బంధువునకు ఒకమాఱు కార్డు వ్రాయును. మఱియొకమాఱు కవరు వ్రాయును. కార్డుమీది మాటలను తపాలాబంట్రోతు చదివినను వానికి పట్టింపు లేదు. కవరునకు జిగురు రాచి మూయుటలోనే వాని యుద్దేశము తెలియుచున్నది. ఇందలి విషయము ఇద్దఱకు మాత్రమే చెందినది, మూడవవాడు చూడరాదు అని దాని భావము. చదువురాని పల్లెటూరివారు సైతము ఉత్తరము వ్రాయించుకొనునపుడును, చదివించుకొనునపుడును నోరు జాఱని నమ్మకస్థుని వెదకుకొనెడివారు. నేడు న్యాయశాస్త్రమున గోప్యతాహక్కు అని వ్యవహరింపబడుచున్న దానికి మూలము ఈ సామాన్యాచారమే. ఆ మూడవవాడు ప్రభుత్వము కావచ్చును. ఉత్తరమును మోయు సంస్థయే కావచ్చును. మొదటి ప్రమాదమును గూర్చి మన న్యాయస్థానములు డెబ్బదియేండ్లుగా తర్కించుచున్నవి. రెండవదానిని గూర్చిన విచారము ఇటీవలిది. ఈ తర్కమున ముఖ్యఘట్టములందు తెలుగు న్యాయమూర్తుల పాత్ర విశేషముగ కనబడుచున్నది గాన, దానిని ఒకింత విపులముగ పరిశీలించుట యుచితము.

ఆంగ్లేయ ప్రభుత్వము 1885లో తంతిశాసనము చేసినపుడు, దాని 5వ సెక్షను ద్వారా ప్రజల వార్తలను నిలిపివేయుటకును, తెఱచి చూచుటకును తనకు అధికారము కల్పించుకొనెను. 1898 నాటి తపాలాశాసనమున 26వ సెక్షను ఉత్తరముల విషయమున అట్టి యేర్పాటే చేసినది. స్వాతంత్ర్యానంతరము ఈ రెండు శాసనములును నిలిచియే యుండెను. తంతిశాసనపు 5వ సెక్షనును 1972లో సవరించి, ప్రజలకు అత్యవసరస్థితి యేర్పడినపుడు గాని, ప్రజాభద్రతకొఱకు గాని మాత్రమే వార్తలను పట్టిచూడవలెననియు, అందులకు గల కారణములను వ్రాతమూలకముగ తెలుపవలెననియు నిర్ణయించిరి. 1986లో ఉత్తరములను తెఱచు అధికారమును గూర్చి తపాలాశాసనమును సవరించుచు ఒక బిల్లును పార్లమెంటు ఆమోదించెను. అప్పటి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగు దానిపై సంతకము చేయలేదు; త్రిప్పి పంపనూ లేదు; బల్లమీదనే యుంచివేసెను. ఆ బిల్లు ఎన్నడును శాసనము కాలేదు. తంతివార్తలు పంపు పద్ధతియే 2013 జూలైలో అంతరించినది గాని, తంతిశాసనము మాత్రము మఱి పదియేండ్లు సెల్‌ఫోనులను పాలించుచు వచ్చెను. 2023లో పార్లమెంటు క్రొత్త టెలికమ్యూనికేషనుల చట్టమును, క్రొత్త తపాలాచట్టమును చేసినది. పేరులు మాఱినవి, పట్టిచూచు అధికారము రెండింటను పదిలముగనే యున్నది.

రాజ్యాంగమున గోప్యత యను మాట ప్రాథమికహక్కుల అధ్యాయమున ఎచ్చటను లేదు. ఈ లోపమే అర్ధశతాబ్దమునకు పైగా వివాదమునకు కారణమైనది. 1954లో ఎం. పి. శర్మ వ్యాజ్యమున ఎనమండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, సోదాలను గూర్చి చెప్పుచు, అమెరికా రాజ్యాంగమునందు వలె అట్టి హక్కును మన రాజ్యాంగకర్తలు గుర్తింపలేదని పలికెను. ఆ వ్యాజ్యమునకు అంతటి నిర్ణయమే అవసరము లేదు; అయినను ఆ మాట తీర్పులో నిలిచిపోయినది. తరువాత వచ్చినది ఖడక్‌సింగు వ్యాజ్యము.

ఖడక్‌సింగు ఉత్తరప్రదేశమునకు చెందినవాడు. 1941లో ఒక బందిపోటు కేసున పట్టుబడి, సాక్ష్యము లేనందున విడువబడెను. విడిచిపెట్టినను పోలీసులు వాని పేర చరిత్రపత్రము తెఱచిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది ఇట్టివారిపై నిఘా యెట్లుంచవలయునో వివరించుచున్నది. ఇంటి చుట్టు రహస్యముగ కాపలా కాయుట, రాత్రివేళ ఇంటికి వచ్చి చూచుట, రాకపోకలను తలారులు తెలుపుట, అలవాట్లను, స్నేహితులను, ఆదాయమును గూర్చి వాకబు చేయుట అందలి పద్ధతులు. అర్ధరాత్రమున తలుపు తట్టి నిద్రలేపుచున్నారని ఖడక్‌సింగు ఫిర్యాదు. 1962 డిసెంబరులో సుప్రీముకోర్టున ఆఱుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. వారిలో నలుగురు రాత్రివేళ ఇంటికి వచ్చుట మాత్రము చెల్లదని కొట్టివేసిరి. మిగిలిన నిఘా యంతయు చెల్లుననియు, గోప్యత ప్రాథమికహక్కు కాదనియు వారి నిర్ణయము. ఒకే తీర్పున ఇంటి తలుపునకు రక్షణ కల్పించి, ఆ రక్షణకు ఆధారమైన హక్కును కాదనుటలోని వైరుధ్యమును తరువాతివారు గుర్తింపకపోలేదు.

ఈ అధికసంఖ్యాకుల తీర్పుతో ఏకీభవింపని యిద్దఱిలో ప్రధానుడు కోకా సుబ్బారావు. రాజమహేంద్రవరమున 1902లో జన్మించి, 1954లో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధానన్యాయమూర్తియై, పిమ్మట 1966లో భారత ప్రధానన్యాయమూర్తి పదవి నలంకరించిన ఆ మహాశయుడు, షా న్యాయమూర్తితో గూడి 236వ నిబంధన యంతయు చెల్లదని వ్రాసెను. ఆయన తర్కము సూక్ష్మమైనది. చేతులకు సంకెళ్లు వేసిననే స్వేచ్ఛకు భంగమా? వెంట నీడవలె భటుడున్నాడని తెలిసినవాడు తన కాళ్లతోనే నడచును గాని, స్వేచ్ఛగా నడవడు. ఎవరిని కలియుటకును వెనుకాడును. ఏమి మాటలాడుటకును జంకును. మనస్సుపై పడిన యొత్తిడియు బంధనమే. కావున గోప్యతాహక్కు రాజ్యాంగమున పేరుతో లేకున్నను, 21వ అధికరణమందలి వ్యక్తిస్వాతంత్ర్యములో అంతర్భాగమేయని ఆయన నిర్ణయించెను. ఆనాటి నిఘా ఒక తలారి, ఒక కర్ర, ఒక లాంతరు. నేడు చేతిలోని పనిముట్టే రాకపోకలను గుర్తుంచుకొనుచున్నది. భటుడు వెంట నడువ నక్కఱలేని కాలమున ఆ తర్కమునకు బలము పెరిగినదే గాని తఱుగలేదు.

తరువాతి ముప్పదియేండ్లలో చిన్న ధర్మాసనములు మెల్లమెల్లగా సుబ్బారావు మార్గమునకే వచ్చినవి. 1975లో గోవిందు వ్యాజ్యమున ఈ హక్కు ఉండవచ్చునని యంగీకరించిరి. 1994లో తమిళనాడునుండి వచ్చిన రాజగోపాల్ వ్యాజ్యము ఇంకను స్పష్టమైనది. మరణశిక్ష పడిన ఆటో శంకర్ యనువాడు తన జీవితచరిత్ర వ్రాసి, అందు కొందఱు అధికారులతో తనకు గల సంబంధములను బయలుపఱచెననియు, దానిని నక్కీరన్ వారపత్రిక ప్రకటింపబోవుచున్నదనియు విని, జైలు అధికారి వలదని పత్రికకు లేఖ వ్రాసెను. ఈ వ్యాజ్యమున తీర్పు వ్రాసినవారు తెలుగువారైన బి. పి. జీవన్‌రెడ్డి. పౌరుని కుటుంబము, వివాహము, సంతానము మొదలగు విషయములను అతని యనుమతి లేక ప్రకటింపరాదనియు, అతని మానమున అతనిని ఉండనిచ్చుట 21వ అధికరణమందలి హక్కేయనియు ఆ తీర్పు చెప్పుచున్నది. అయితే ఇదే హక్కును అడ్డుపెట్టుకొని అధికారులు తమ ఉద్యోగనిర్వహణను గూర్చిన ప్రచురణను ముందుగ ఆపలేరని కూడ చెప్పినది. గోప్యత పౌరునకు కవచము. అధికారికి తెర కాదు. ఈ రెండవభాగమును మఱచి మొదటిదానిని మాత్రము ఉదాహరించు అలవాటు నేటికిని కలదు.

1996లో టెలిఫోనులను చాటున వినుటను గూర్చిన వ్యాజ్యము తీర్పునకు వచ్చినది. పౌరహక్కుల ప్రజాసంఘము వేసిన ఈ వ్యాజ్యమునకు రాజకీయనాయకుల ఫోనులను వినిన విషయమై వెలువడిన నివేదికయే కారణము. టెలిఫోను సంభాషణ గోప్యతాహక్కులోనిదేయని కోర్టు నిర్ణయించి, కొన్ని నిబంధనలు విధించెను. హోంశాఖ కార్యదర్శియే ఉత్తర్వు నీయవలెను. అది రెండు నెలలకు ముగియును. పొడిగించినను ఆఱు నెలలు మించరాదు. ఒక పరిశీలకసంఘము ఉత్తర్వులను పునర్విమర్శ చేయవలెను. ముందుగ న్యాయమూర్తి యనుమతి పొందవలెనను కోరికను మాత్రము కోర్టు అంగీకరింపలేదు. ఈ నిబంధనలు పిమ్మట తంతినియమములలో చేర్పబడి, 2024లో క్రొత్త చట్టము క్రింది నియమములలోనికి వచ్చినవి. వినువాడు ప్రభుత్వోద్యోగి, ఉత్తర్వు నిచ్చువాడు ప్రభుత్వోద్యోగి, అది సరియా కాదా యని చూచువారును ప్రభుత్వోద్యోగులే. ఎవరి ఫోను వినబడుచున్నదో వారికి తెలియు మార్గము లేదు గనుక, అన్యాయము జరిగినదని ఫిర్యాదు చేయువాడే యుండడు. ఇది ఈ యేర్పాటున నేటికిని తీరని లోపము.

ఇంతవరకు ప్రస్తావించినవి ప్రభుత్వము నేరుగ పౌరుని జోలికి పోయిన ఘట్టములు. సమాచారము మఱియొకరి చేతిలో నున్నపుడు మాటయేమి? ఈ ప్రశ్నకు సమాధానము హైదరాబాదునుండి వచ్చిన ఒక వ్యాజ్యమున లభించినది. దానికి దక్కవలసిన కీర్తి దక్కలేదనుట అతిశయోక్తి కాదు.

1899 నాటి స్టాంపుల చట్టమున 73వ సెక్షనును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో సవరించెను. దాని ప్రకారము కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తియైనను పత్రములున్న చోటికి పోయి, వానిని చూచి, నకలు వ్రాసికొని, స్టాంపు తక్కువయైనచో స్వాధీనము చేసికొనవచ్చును. ప్రభుత్వ కార్యాలయములు మాత్రమే గాక, బ్యాంకులును దీని క్రిందికి వచ్చినవి. రిజిస్ట్రేషను అధికారులు బ్యాంకులకు పోయి, ఖాతాదారులు అప్పు తీసికొనునపుడిచ్చిన పత్రములను తనిఖీ చేయ మొదలిడిరి. కెనరా బ్యాంకు మొదలగునవి అభ్యంతరము చెప్పినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీముకోర్టునకు పోగా, 2004 నవంబరులో ప్రధానన్యాయమూర్తి లాహోటీ ధర్మాసనము హైకోర్టు తీర్పునే ఖాయపఱచినది.

ప్రభుత్వము వాదన ఆలోచింపదగినదే. పత్రములు ఖాతాదారుని యింట లేవు. అతడే వానిని బ్యాంకునకిచ్చెను. ఇచ్చిన పిమ్మట గోప్యత యెక్కడిది? 1976లో అమెరికా సుప్రీముకోర్టు మిల్లర్ వ్యాజ్యమున ఈ వాదననే యంగీకరించియుండెను. మన కోర్టు దానిని త్రోసివేసినది. గోప్యత వ్యక్తులకు చెందినది గాని స్థలములకు చెందినది కాదు. నమ్మకముతో ఒకరికి అప్పగించిన పత్రము ఆ నమ్మకమును వెంటబెట్టుకొనియే పోవును. బ్యాంకున నున్నను అది ఖాతాదారుని రహస్యమే. తగిన కారణము వ్రాయక, ఎవరికి బడితే వారికి తనిఖీ అధికారమిచ్చు శాసనము చెల్లదు. ఈ తీర్పు వెలువడునాటికి వాట్సాప్ లేదు. జనుల ఛాయాచిత్రములు, లెక్కలు, ఉత్తరములు పరదేశపు గిడ్డంగులలోని యంత్రములకు చేరలేదు. నేడు ప్రతివాని జీవితమును మూడవవాని చేతిలోనే యున్నది. మిల్లర్ న్యాయము మన దేశమున పాతుకొనియున్నచో, సెల్‌ఫోను గలవానికి గోప్యత యను మాటయే మిగులకుండెడిది.

2012లో కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామి ఆధార్ పథకమును ప్రశ్నించుచు వ్యాజ్యము వేసెను. గోప్యత ప్రాథమికహక్కే కాదని 1954, 1962 తీర్పులను చూపి కేంద్రప్రభుత్వము వాదించెను. చెలమేశ్వర్ న్యాయమూర్తి అధ్యక్షతన గల ధర్మాసనము 2015 ఆగస్టులో ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనమునకు నివేదించినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ గోప్యత ప్రాథమికహక్కేయని తీర్పు చెప్పిరి. కృష్ణాజిల్లా వాస్తవ్యుడైన చెలమేశ్వర్ అందు ప్రత్యేకముగ తన తీర్పు వ్రాసెను. సుబ్బారావు అభిప్రాయమును నారిమన్ న్యాయమూర్తి మన న్యాయచరిత్రలోని మూడు గొప్ప అసమ్మతి తీర్పులలో ఒకటిగ గణించెను. 55 సంవత్సరముల పిమ్మట ఒంటరిమాట రాజ్యాంగధర్మమైనది. ఇకమీదట ప్రభుత్వము ఈ హక్కులో జోక్యము చేసికొనవలెనన్నచో శాసనముండవలెను. ఉద్దేశము న్యాయమైనదిగ నుండవలెను. చర్య ఆ యుద్దేశమునకు తగినంతయే యుండవలెను. 2018లో ఆధార్ చట్టమును కోర్టు నలుగురొకరుగ నిలిపినను, ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడుగుటకు వీలుకల్పించిన 57వ సెక్షను భాగమును కొట్టివేసెను. 2021 అక్టోబరులో పెగాసస్ అను గూఢచారి సాధనమును గూర్చిన వ్యాజ్యమున ప్రధానన్యాయమూర్తి ఎన్. వి. రమణ ధర్మాసనము, దేశభద్రత యను పేరు చెప్పినంత మాత్రమున ప్రభుత్వము జవాబుదారీ తప్పించుకొనజాలదని చెప్పి, నిపుణుల సంఘమును నియమించెను. ఆ సంఘము పరీక్షించిన 29 ఫోనులలో ఐదింట దుష్టసాధనములు కనబడినవి; అవి పెగాసస్ యేయని తేలలేదు. ప్రభుత్వము తమకు సహకరింపలేదని సంఘము నివేదించెను.

ప్రాథమికహక్కులు ముఖ్యముగ ప్రభుత్వమునుండి రక్షణ యిచ్చునవి. కంపెనీ విషయమున అవి నేరుగ పనిచేయవు. వేఱు శాసనము కావలెను. ఈ భేదమునకు వాట్సాప్ చరిత్ర చక్కని నిదర్శనము.

2009లో వెలసిన ఈ సంస్థను 2014లో ఫేస్‌బుక్ కొనెను. 2016 ఏప్రిలులో సందేశములన్నింటికిని తాళము వేయు పద్ధతి ప్రవేశపెట్టబడినది. పంపువాని ఫోనులో సందేశము మూయబడును. దానిని తెఱచు తాళపుచెవి అందుకొనువాని ఫోనులో మాత్రమే యుండును. నడుమ మోయు కంపెనీ సైతము చదువలేదు. ఇది కవరును మించిన కట్టుదిట్టము. అదే సంవత్సరము ఆగస్టులో కంపెనీ తన నిబంధనలను మార్చి, వినియోగదారుల ఫోను సంఖ్య మొదలగు వివరములను ఫేస్‌బుక్‌నకు అందింతునని ప్రకటించెను. కవరులోనిది చదువదు, కవరుపై నున్న విలాసములన్నియు వ్రాసికొనును. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎచటినుండి వ్రాయుచున్నారో తెలిసినచో లోపలి మాటలను ఊహించుట కష్టము కాదు. 2016లో కాదనుటకు 30 దినముల గడువైనను ఇచ్చిరి. 2021 జనవరి నాటి నిబంధనలలో అదియును లేదు. ఊరంతయు ఒకే సాధనమును వాడుచుండగా, ఒప్పుకొననివాడు విడిచిపోవచ్చునను మాట, ఊరి కున్న ఒకే బావిని చూపి ఇష్టములేకున్న త్రాగవలదనుట వంటిది. భారత పోటీ కమిషను దీనినే ఆధిపత్య దుర్వినియోగముగ నిర్ణయించి, 2024 నవంబరులో మాతృసంస్థయైన మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించెను. ప్రకటనలకొఱకు వివరములను పంచుకొనుటను ఐదేండ్లు నిషేధించెను. అప్పీలు ట్రిబ్యునల్ 2025 నవంబరులో జరిమానాను నిలిపి, నిషేధమును తొలగించినది.

ఈ కంపెనీయే ఢిల్లీ హైకోర్టున మాత్రము పౌరుల గోప్యతకు వకాల్తా పుచ్చుకొని నిలిచెను. 2021 ఫిబ్రవరి నియమములలో, 50 లక్షలకు మించి వినియోగదారులు గల సంస్థలు, కోర్టు గాని తగిన అధికారి గాని కోరినపుడు, ఒక సందేశమును మొదట పంపినవాడెవడో చెప్పవలెనని 4వ నియమము విధించినది. ప్రభుత్వ పక్షమున బలమైన కారణము లేకపోలేదు. 2018లో పిల్లలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను పుకార్లు ఫోనులలో వ్యాపించి, పెక్కు చోట్ల అమాయకుల ప్రాణములు తీసినవి. మహారాష్ట్రమున ధూలె జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురు చంపబడిరి. అదే నెలలో కర్ణాటకమున బీదరు జిల్లాలో హైదరాబాదునుండి పోయిన యువకుడొకడు గుంపు చేతిలో మరణించెను. మొదట నిప్పంటించినవానిని పట్టవలదా యని ప్రభుత్వము అడుగుచున్నది. మొదటివానిని కనుగొనవలెనన్నచో కోట్ల సందేశములలో ప్రతిదానికిని ముందుగనే గుర్తు వేయవలయుననియు, ఒకని కొఱకు అందఱి కవరులను తెఱచుట తగదనియు కంపెనీ సమాధానము. తాళము తీయుమన్నచో ఈ దేశమును విడిచిపోవుదుమని 2024 ఏప్రిలులో దాని న్యాయవాది కోర్టులో చెప్పెను. ఇందు కంపెనీ చెప్పునది న్యాయమే. చెప్పువాని చరిత్ర మాత్రము వేఱు. విలాసములను అమ్ముకొనువాడు కవరును కాపాడుదునని ప్రమాణము చేయుచున్నాడు. కవరు తెఱచు అధికారము తనకు కావలెననువాడు విలాసముల వర్తకమును అదుపు చేయుదునని చెప్పుచున్నాడు. ఈ యిద్దఱి కలహమున మూడవ పక్షమైన వినియోగదారునికి కోర్టులో ఆసనమే లేదు.

2023లో చేయబడిన అంకీయ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ఈ లోటును కొంత తీర్చుచున్నది, కొంత పెంచుచున్నది. సమ్మతి లేనిదే వివరములు తీసికొనరాదు. తీసికొను కారణము తెలుపవలెను. కోరినచో సరిదిద్దవలెను, తుడిచివేయవలెను. భద్రపఱచుటలో అలసత్వము చూపిన సంస్థకు 250 కోట్ల వరకు జరిమానా. ఇవి దొడ్డ నిబంధనలే. కాని ఆ జరిమానా భారత సంచితనిధికి పోవును. నష్టపడినవానికి పైసయైన రాదు. అంతేగాక, అజాగ్రత్త చేసిన కంపెనీనుండి నష్టపరిహారము కోరుటకు వీలిచ్చిన సమాచార సాంకేతిక చట్టపు 43ఎ సెక్షనును ఈ చట్టమే తొలగించునట్లు యేర్పాటు చేసినది. తప్పుడు ఫిర్యాదు చేసిన పౌరునకు మాత్రము 10,000 రూపాయల వరకు జరిమానా యున్నది. 17వ సెక్షను ప్రకారము కేంద్రము తనకు నచ్చిన ప్రభుత్వసంస్థను చట్టమునుండి మినహాయింపవచ్చును. సమాచారహక్కు చట్టమున వ్యక్తిగత వివరములను సైతము ప్రజాప్రయోజనార్థము బయటపెట్టవచ్చునను వాక్యమును 8(1)(జె) సెక్షనునుండి తీసివేసినది. జీవన్‌రెడ్డి తీర్పు అధికారికి తెర కాదన్న గోప్యతను మరల తెరగ నుపయోగించుటకు ఇది దారియని సమాచారహక్కు వాదుల ఆక్షేపణ. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమున, నమ్మకముతో ఇచ్చిన వ్యక్తిగత వివరములను ఇతరులకు వెల్లడించుట అన్యాయ వ్యాపారపద్ధతిగ 2(47) నిర్వచనమున చేర్పబడియున్నది. జిల్లా కమిషనునకు పోయి పరిహారము కోరుటకు నేడు వినియోగదారునికి మిగిలిన సుగమమార్గము ఇదియే. ఫోను సంఖ్య చెప్పనిదే సరకు అమ్మని దుకాణములను గూర్చి 2023లో వినియోగదారుల శాఖ హెచ్చరిక చేయుటయు ఈ దృష్టితోనే.

ఈ చట్టమున భాషను గూర్చిన ఒక నిబంధన ప్రవాసాంధ్రులకు ప్రత్యేకముగ గమనింపదగినది. 5వ, 6వ సెక్షనుల ప్రకారము సమ్మతిపత్రమును, నోటీసును ఆంగ్లమున గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందైన గాని చదువుకొను అవకాశము సంస్థ కల్పించవలెను. రాష్ట్రములలోని అల్పసంఖ్యాక భాషీయులకు 1956లో ఏర్పడిన రక్షణలు జనసంఖ్య నిష్పత్తిపై ఆధారపడినవి. జిల్లాలోనో తాలూకాలోనో ఆ భాషీయులు నూటికి 15 మందికి తగ్గకుండ నున్ననే ముఖ్యప్రకటనలు వారి భాషలో వెలువడవలెను. యానాములో తెలుగునకు అధికార వ్యవహారమున స్థానమున్నది. హోసూరు, బళ్లారి, బరంపురము, షోలాపురములందు లెక్కలతో వాదింపవలసి వచ్చుచున్నది. క్రొత్త చట్టమున నిష్పత్తి లేదు, ఎల్ల లేదు. నాగపురమున ఒంటరిగ నున్న తెలుగువాడును కంపెనీని తెలుగు నోటీసు అడుగవచ్చును. 2025 నవంబరులో నియమములు ప్రకటింపబడిన 18 నెలలకు ఈ బాధ్యత అమలునకు వచ్చునట్లు నిర్ణయించిరి.

షోలాపురపు నేత కుటుంబములలో ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో మరాఠీ మాత్రమే చదివినవారు పెక్కుమంది. ధర్మపురి, కోలారు ప్రాంతములందును తమిళ, కన్నడ లిపులే యెఱిగిన తెలుగువారున్నారు. వీరికి తెలుగు లిపిలోని నోటీసు ఆంగ్లపు నోటీసుతో సమానము. విషయమును అందించవలెనని చట్టము చెప్పుచున్నది గాని, చదివి వినిపించవలెనని చెప్పుట లేదు. ఫోనులో మాట వినిపించు సాధనము నేడు సర్వసామాన్యము. ఆ యేర్పాటును కోరు హక్కు నియమములలో చేరలేదు.